ఆ ఫోన్ రివ్యూయర్ చేతికి ఎలా వచ్చింది? ముందు అది చెప్పాలి

కొత్త ఫోన్ లాంచ్ అయిన రోజు మధ్యాహ్నం యూట్యూబ్ ఓపెన్ చేసి చూడండి. ఫోన్ ఇంకా షాపుల్లోకి రాలేదు. ఆన్‌లైన్‌లో మొదటి సేల్‌కి ఇంకో నాలుగు రోజులు టైమ్ ఉంది. రివ్యూలు మాత్రం ఒకే నిమిషంలో పదో ఇరవయ్యో వచ్చి పడతాయి. అన్నిట్లోనూ అవే నాలుగు ఫీచర్ల గురించి ముందు చెప్తారు. అదే లోపాన్ని చివర్లో "చిన్న విషయమే" అని తేల్చేస్తారు. అది చూసినప్పుడు మనలో చాలామందికి వచ్చే అనుమానం ఒక్కటే: వీళ్ళకి ఎంత ఇచ్చారో!

నన్నడిగితే అది తప్పు ప్రశ్న. డబ్బులిచ్చి చేయించుకునే వీడియోలు ఉన్నాయి, కాదనను. కానీ అవి యాడ్స్. వాటికి మన దేశంలో రూల్స్ ఉన్నాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను. లాంచ్ రోజు వచ్చే రివ్యూల్లో చాలావాటికి బ్రాండ్ పైసా ఇవ్వదు. ఇవ్వాల్సిన అవసరమే ఉండదు. ఎందుకంటే డబ్బుకన్నా బాగా పనిచేసేది ఇంకోటి వాళ్ళ దగ్గర ఉంది: టైమ్. మార్కెట్లోకి రావడానికి వారం ముందే ఫోన్ చేతిలో ఉండటం. ఆ వారం ఎవరికి దక్కాలో చూసుకునేది పీఆర్ వాళ్ళు. కాబట్టి నేను అడగాలనుకునేవి వేరే ప్రశ్నలు. ఆ ఫోన్ ఎవరు పంపారు? ఎన్ని రోజులు వాడారు? తిరిగిచ్చేస్తున్నారా, ఉంచేసుకున్నారా? నెక్స్ట్ ఫోన్ పంపకపోతే ఈ రివ్యూయర్‌కి ఎంత నష్టం?

పీఆర్ వాళ్ళు అసలు ఏం చేస్తారు?

యాడ్ అంటే డబ్బు కట్టి చోటు కొనుక్కోవడం. హోర్డింగ్ మీద ఏం రాయాలో బ్రాండే చెప్తుంది. పీఆర్ అంటే వేరేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మన గురించి మాట్లాడేలా చూసుకోవడం. మనం చెప్పుకుంటే నమ్మనివాళ్ళు పక్కింటాయన చెప్తే నమ్ముతారు కదా, అదే లెక్క.

మన దగ్గర అమ్ముడయ్యే ఫోన్ బ్రాండ్లలో చాలావాటి ఆఫీసులు గురుగ్రామ్, నోయిడా, బెంగళూరుల్లో ఉంటాయి. బ్రాండ్ లోపల ఒక కమ్యూనికేషన్స్ టీమ్, బయట ఒక పీఆర్ ఏజెన్సీ. రోజూ రివ్యూయర్లతో మాట్లాడేది ఏజెన్సీలో పనిచేసే, చాలాసార్లు మన వయసే ఉన్న అబ్బాయో అమ్మాయో. వాళ్ళ దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. ఏ సైట్, ఎవరు రాస్తారు, ఏ భాష, నెలకి ఎంతమంది చూస్తారు, కిందటి ఫోన్ గురించి ఏం అన్నారు. దీన్ని మీడియా లిస్ట్ అంటారు.

ఆ షీట్‌లో మీ పేరు ఎక్కాక మొదట వచ్చేది అందరికీ కలిపి పంపే ప్రెస్ నోట్. "హాయ్ టీమ్" అని మొదలవుతుంది, ఎవరూ చదవరు. కొన్నాళ్ళకి పేరు పెట్టి ఒక మెయిల్ వస్తుంది. "మీరు పోయిన నెల చేసిన బ్యాటరీ టెస్ట్ చూశాను, ఛార్జింగ్ టైమ్ గ్రాఫ్ బాగుంది" అని ఉంటుంది. ఉత్తినే పొగిడారు అనుకోకండి. మంచి పీఆర్ మనిషి నిజంగానే చదివి రాస్తాడు. ఆ తర్వాత లాంచ్ ఈవెంట్‌కి పిలుపు. నంబర్ మారుతుంది, వాట్సాప్‌లోకి వస్తారు. పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటారు. దీపావళికి డ్రైఫ్రూట్స్ డబ్బా వస్తుంది. ఒకరోజు "రివ్యూ యూనిట్ పంపమంటారా?" అని మెసేజ్.

యూనిట్‌తో పాటు కాగితాలు ఉంటాయి. ఇన్ని రోజులకి తిరిగివ్వాలి అనే లోన్ ఫారం. ఫలానా తేదీ, ఫలానా టైమ్ దాకా ఏమీ బయటపెట్టకూడదు అనే ఎంబార్గో. ఇవి కాక రివ్యూయర్స్ గైడ్ అని ఒక పీడీఎఫ్. ఈ ఫోన్‌లో కొత్తగా ఏముంది, ఏ కెమెరా మోడ్ ట్రై చేయాలి, వాటిని టెస్ట్ చేయడానికి సరైన సెట్టింగ్స్ ఏంటి అని ఉంటుంది. లాంచ్ రోజు అందరూ అవే నాలుగు ఫీచర్లతో ఎందుకు మొదలుపెడతారో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. టైమ్ లేదు, గైడ్ చేతిలో ఉంది, ఆ వరసలోనే స్క్రిప్ట్ రాసేస్తారు.

ఇంత జరిగినా ఎక్కడా "బాగా రాయండి" అని ఎవరూ అనరు. తెలిసిన పీఆర్ మనిషి ఆ మాట చచ్చినా అనడు.

రివ్యూ వచ్చాక ఏజెన్సీ వాళ్ళు క్లయింట్‌కి కవరేజ్ రిపోర్ట్ పంపాలి. అందులో లింక్, ఎంతమంది చూశారు, టోన్ ఏంటి అని కాలమ్స్ ఉంటాయి. టోన్ అంటే పాజిటివ్, న్యూట్రల్, నెగెటివ్. కొన్ని రిపోర్టుల్లో ఇంకో కాలమ్ కూడా చూడొచ్చు: ఇదే చోటుని యాడ్‌గా కొంటే ఎంతయ్యేది అని. ఈ లెక్క పీఆర్ విలువని చూపించదని ఆ రంగం వాళ్ళే 2010లో బార్సిలోనా సూత్రాలు అని పేరుపెట్టి మరీ రాసుకున్నారు. అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. సరే, మనకి కావలసింది టోన్ కాలమ్. మీరు వెయ్యి పదాల్లో ఎంతో ఆలోచించి రాసిన "కెమెరా పర్లేదు, కానీ ఈ రేటుకి కాదు" అనేది అక్కడికి వెళ్ళాక ఒక సెల్‌లో ఒక రంగు. వరసగా రెండు ఫోన్లకి ఎరుపు పడిందనుకోండి, మూడో ఫోన్‌కి యూనిట్లు తక్కువ ఉన్నప్పుడు లిస్ట్‌లో ముందు ఎవరి పేరు పోతుందో ఊహించడం కష్టం కాదు. ఎవరూ బెదిరించరు, ఎవరూ గొడవపడరు. "ఈసారి యూనిట్లు చాలా లిమిటెడ్ సర్, నెక్స్ట్ టైమ్ పక్కా" అని ఒక మెసేజ్ వస్తుంది, అంతే.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీతో రోజూ టీకి వచ్చే ఫ్రెండ్ శుక్రవారం సాయంత్రం పుల్ రిక్వెస్ట్ పెట్టి, మీ డెస్క్ పక్కనే నిలబడి "అప్రూవ్ చేసెయ్ మామా, రిలీజ్ ఉంది" అంటాడు. కోడ్‌లో ఒకచోట మీకు నచ్చని పని చేశాడు. మామూలుగా అయితే నాలుగు కామెంట్లు పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఒకటి పెడతారు, అది కూడా "తర్వాత చూద్దాం" అని. మీరు లంచం తీసుకోలేదు, అబద్ధం చెప్పలేదు. కానీ ఆ బగ్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళింది. లాంచ్ రోజు రివ్యూల్లో జరిగేది కూడా చాలావరకు ఇదే.

బెర్లిన్‌లో యూనిఫాం

ఈ సంబంధం ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి మన దేశం బ్లాగర్లకి జరిగిన ఉదాహరణే ఉంది. 2012లో బెర్లిన్‌లో ఐఎఫ్ఏ షోకి శాంసంగ్ తన మొబైలర్స్ ప్రోగ్రాం కింద ఇండియా నుంచి ఇద్దరు బ్లాగర్లని తీసుకెళ్ళింది. ఫ్లైట్, హోటల్ అన్నీ కంపెనీవే. వాళ్ళు షో కవర్ చేయడానికి వెళ్తున్నాం అనుకున్నారు. తీరా అక్కడికి వెళ్ళాక శాంసంగ్ యూనిఫాం వేసుకుని స్టాల్‌లో నిలబడి వచ్చినవాళ్ళకి ఫోన్లు చూపించాలన్నారు. అందులో ఒకరు తాను రిపోర్టర్‌గానే వస్తానని ముందే చెప్పానని, ఆ పని చేయనని అన్నారు. అయితే తిరుగు ప్రయాణం, హోటల్ మీరే చూసుకోండి అనే పరిస్థితి వచ్చిందని ఆయన తర్వాత బయటపెట్టారు. ఆ టైమ్‌లో నోకియా ముందుకొచ్చి వాళ్ళ బస, టికెట్ల సంగతి చూసుకుంది. కథ ప్రపంచమంతా టెక్ సైట్లలో వచ్చింది. మొబైలర్లు అక్కడ ఏం చేయాలనే విషయంలో అపార్థం జరిగిందని, అందుకు చింతిస్తున్నామని శాంసంగ్ ప్రకటన ఇచ్చింది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ శాంసంగ్‌ని తిట్టి ఆపేస్తారు. నాకు మాత్రం రెండో సగమే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. నోకియా చేసిన సాయం మంచిదే. కానీ అది కూడా పీఆరే, ఆ ఏడాది టెక్ రంగంలో జరిగిన గొప్ప పీఆర్ పనుల్లో ఒకటి. ఇంకో దేశంలో రోడ్డున పడబోయిన మనిషికి టికెట్ కొనిచ్చిన కంపెనీ ఫోన్‌ని రేపు అతను రివ్యూ చేయాల్సి వస్తే? అతను ఎంత నిజాయితీపరుడైనా చెయ్యి కొంచెం తేలికవుతుంది. కృతజ్ఞత ఉండటం మనిషి తప్పు కాదు. చదివేవాళ్ళకి ఆ టికెట్ సంగతి తెలిస్తే చాలు, మిగతాది వాళ్ళే కలుపుకుని చదువుతారు. ఆ బ్లాగర్ విషయంలో అంతా బయటికి వచ్చింది కాబట్టి ఇబ్బంది లేదు. బయటికి రాని టికెట్ల సంగతే అసలు సమస్య.

మాటలతో పని లేకుండా

ఒక్కోసారి మామూలుగా మెల్లగా జరిగే విషయాన్ని ఎవరో కాగితం మీద పెట్టేస్తారు. అప్పుడే మనకి లోపల లెక్క కనిపిస్తుంది.

2020 డిసెంబర్‌లో ఎన్విడియా పీఆర్ నుంచి హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ అనే ఆస్ట్రేలియా యూట్యూబ్ చానల్‌కి ఒక మెయిల్ వెళ్ళింది. మీరు రే ట్రేసింగ్‌కి తగినంత ప్రాధాన్యం ఇవ్వట్లేదు, మామూలు గేమింగ్ పెర్ఫార్మెన్స్ మీదే దృష్టి పెడుతున్నారు, కాబట్టి ఇకనుంచి ఫౌండర్స్ ఎడిషన్ కార్డులు రివ్యూకి పంపము, మీ ఎడిటోరియల్ దారి మారితే మళ్ళీ చూద్దాం అని దాని సారాంశం. వాళ్ళ రివ్యూల్లో ఒక్క నంబర్ తప్పని మెయిల్‌లో లేదు. ఏ నంబర్ ముందు చూపించాలి అన్నదే గొడవ. చానల్ వాళ్ళు దాన్ని బయటపెట్టారు, మిగతా పెద్ద చానల్స్ అన్నీ మండిపడ్డాయి, కొద్ది రోజుల్లోనే ఎన్విడియా క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. లక్షల్లో సబ్‌స్క్రైబర్లు ఉన్న చానల్ కాబట్టి అలా అయింది. ఐదువేల మంది చూసే చానల్‌కి అదే మెయిల్ వస్తే మనకి తెలిసేదా?

2024 ఆగస్టులో పిక్సెల్ 9 సిరీస్ టైమ్‌లో గూగుల్ టీమ్ పిక్సెల్ ప్రోగ్రాం ఫారం బయటికొచ్చింది. ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఫోన్లు ముందుగా ఇచ్చే ప్రోగ్రాం అది. ఇతర కంపెనీల ఫోన్లకి బదులు పిక్సెల్‌నే చూపించాలని, వేరే బ్రాండ్లకి మొగ్గు చూపుతున్నట్టు అనిపిస్తే సంబంధం ఆపేస్తామని అందులో రాసుంది. గొడవయ్యాక ఆ షరతు పెట్టడం పొరపాటని గూగుల్ ఒప్పుకుని తీసేసింది. మీడియాకి, రివ్యూయర్లకి యూనిట్లు ఇచ్చే ప్రోగ్రాం వేరు, ఇది వేరు అని కూడా చెప్పింది. ఆ తేడా నిజమే. కానీ స్క్రీన్ మీద చూసేవాళ్ళకి ఆ రెండు ప్రోగ్రాంలలో ఎవరు దేని కింద ఫోన్ తెచ్చుకున్నారో ఎలా తెలుస్తుంది? వీడియోలో ఇద్దరూ "హాయ్ ఫ్రెండ్స్, పిక్సెల్ 9 నా చేతిలో ఉంది" అనే మొదలుపెడతారు.

ఈ రెండిట్లో షరతు రాసి ఉంది కాబట్టి కొట్లాడటం తేలికైంది. మూడో ఉదాహరణలో షరతే లేదు. 2019 ఏప్రిల్‌లో మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ని ఐఫిక్సిట్ విప్పి, లోపల ఏముందో, అది ఎందుకంత సున్నితంగా ఉందో రాసింది. ఫోన్‌ని వాళ్ళు కొనలేదు, నమ్మకమైన ఒక పార్ట్‌నర్ ఇచ్చారు. శాంసంగ్ ఆ పార్ట్‌నర్ ద్వారా ఆర్టికల్ తీసేయమని అడిగింది. తీసేయాల్సిన బాధ్యత చట్టపరంగా గానీ ఇంకోలా గానీ మాకు లేదు, అయినా ఆ పార్ట్‌నర్ మీద గౌరవంతో, షాపులో కొనే వీలు వచ్చేదాకా తీసేస్తున్నాం అని ఐఫిక్సిట్ చెప్పి మరీ తీసేసింది. ఎవరికీ లొంగరని పేరున్న సంస్థ అది. వాళ్ళు తప్పు చేశారని నేను అనట్లేదు, ఎందుకు తీసేశారో దాచకుండా చెప్పడమే పెద్ద విషయం. నేను చెప్పేది ఏంటంటే, బెదిరింపు వల్ల కాని పని సంబంధం వల్ల అయింది.

వారం రోజుల్లో ఏం తెలుస్తుంది?

ఇదంతా రివ్యూయర్లకీ బ్రాండ్లకీ మధ్య గొడవ అనుకుంటే మనకి అనవసరం. కానీ చివర్లో డబ్బులు కట్టేది నిజామాబాద్‌లోనో గుంటూరులోనో పాతికవేల ఫోన్‌ని తొమ్మిది నెలల ఈఎంఐ మీద తీసుకునే స్టూడెంట్. మొదటి సేల్ రోజే బ్యాంక్ ఆఫర్, ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఉంటాయి, ఆ తర్వాత ఉంటాయో లేదో తెలీదు. కాబట్టి అతను నిర్ణయం తీసుకునేది లాంచ్‌కీ మొదటి సేల్‌కీ మధ్యన. ఆ నాలుగు రోజుల్లో అతనికి దొరికేవి ఎంబార్గో రివ్యూలు మాత్రమే. ఈ క్యాలెండర్ అనుకోకుండా ఇలా కుదరలేదు.

వారం వాడిన ఫోన్ గురించి స్క్రీన్ ఎలా ఉంది, స్పీకర్ ఎలా ఉంది, పగటి ఫోటోలు ఎలా వస్తున్నాయి అనేవి బాగానే చెప్పొచ్చు. ఏడాది తర్వాత అప్‌డేట్‌తో బ్యాటరీ ఏమవుతుందో చెప్పలేం. గ్రీన్‌లైన్ సమస్యనే తీసుకోండి. నెలల తరబడి చక్కగా పనిచేసిన ఫోన్‌లో ఒక పొద్దున స్క్రీన్ మీద నిలువు గీత వస్తుంది. మన దేశంలో ఈ ఫిర్యాదులు ఎంతగా పెరిగాయంటే 2024 డిసెంబర్‌లో వన్‌ప్లస్ దీనికోసం డిస్‌ప్లే మీద జీవితకాల వారంటీ ప్రకటించాల్సి వచ్చింది. లాంచ్ రోజు ఆ ఫోన్లకి "డిస్‌ప్లే సూపర్" అని రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. అందుకే ఆ "సూపర్" పక్కన "ఆరు రోజుల వాడకంలో" అనే మాట ఉండాలి.

పైగా రివ్యూయర్‌కి వచ్చిన ఫోనూ, మీరు కొనే ఫోనూ ఒకేలా ఉండాలని రూలేం లేదు. 2017లో వన్‌ప్లస్ 5 రివ్యూ యూనిట్లలోని సాఫ్ట్‌వేర్ బెంచ్‌మార్క్ యాప్‌ల పేర్లు గుర్తుపట్టి, అవి ఓపెన్ అయినప్పుడు ప్రాసెసర్‌ని వేరేలా నడిపిస్తోందని ఎక్స్‌డీఏ డెవలపర్స్ బయటపెట్టింది. మామూలు యాప్‌లకి ఆ వేగం రాదు. ఫోన్ పూర్తి సామర్థ్యం చూపించడానికే అలా పెట్టామని కంపెనీ సమర్థించుకుంది. లాంచ్ రోజు ఎంతోమంది ఆ స్కోర్లని చార్టుల్లో పెట్టి రివ్యూలు చేశారు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఒక వాక్యం. ఫోన్ వేడెక్కుతోంది అని ఏజెన్సీకి చెప్తే "డే వన్ అప్‌డేట్‌లో ఫిక్స్ అవుతుంది సర్" అంటారు. పాపం వాళ్ళు కూడా పైనుంచి వచ్చిందే చెప్తారు. రివ్యూలో అది "ఈ సమస్య అప్‌డేట్‌తో పోతుంది" అని అచ్చవుతుంది. ఎవరో ఇచ్చిన మాట రివ్యూయర్ గ్యారంటీగా మారిపోయింది. చేతిలో ఉన్న బిల్డ్ నంబర్ రాసి, ఈ బిల్డ్‌లో వేడెక్కుతోంది అని రాయడమే రివ్యూ. అప్‌డేట్ వచ్చాక మళ్ళీ టెస్ట్ చేసి ఇంకో లైన్ కలపడానికి ఎవరూ అడ్డుపడరు కదా.

పీఆర్ లేకపోతే బాగుంటుందా?

ఇంతదాకా చదివినవాళ్ళు నేను రివ్యూ యూనిట్లే వద్దంటానని అనుకోవచ్చు. అనను. ఇందాక చెప్పిన గెలాక్సీ ఫోల్డ్‌నే చూడండి. లాంచ్‌కి ముందు రివ్యూయర్లకి ఇచ్చిన యూనిట్లలో కొన్ని ఒకటి రెండు రోజుల్లోనే స్క్రీన్ పాడయ్యాయి. వాళ్ళు ఫోటోలతో సహా పెట్టేశారు. శాంసంగ్ ఏప్రిల్ 26 అమ్మకాన్ని వాయిదా వేసి, డిజైన్ సరిచేసి సెప్టెంబర్‌లో తెచ్చింది. దాదాపు రెండువేల డాలర్ల ఫోన్ అది. ముందుగా యూనిట్లు ఇవ్వకపోతే ఆ స్క్రీన్లు కొన్నవాళ్ళ చేతుల్లో పాడయ్యేవి. అంటే సంబంధం ఉండి కూడా నిజం రాయొచ్చు, రాస్తే కొనేవాళ్ళకి లాభం కూడా ఉంటుంది.

పీఆర్ వాళ్ళలో కూడా అందరూ ఒకేలా ఉండరు. ఏ బ్యాండ్లు ఉన్నాయి, యూఎస్‌బీ పోర్ట్ ఏ వెర్షన్, ఎన్నేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తారు అని అడిగితే, బ్రోషర్‌లో లేని జవాబుని లోపల ఇంజినీర్లని పట్టుకుని మరీ తెచ్చిచ్చే వాళ్ళున్నారు. ఇలాంటి మనిషితో పరిచయం రివ్యూని మెరుగు చేస్తుంది. ఆ జవాబు చదివేవాళ్ళకే చేరుతుంది కూడా.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది?

మన దేశంలో రూల్స్ లేవని ఎవరైనా అంటే నమ్మకండి. ఇన్‌ఫ్లుయెన్సర్ యాడ్స్‌కి లేబుల్ ఉండాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ గైడ్‌లైన్స్ 2021 జూన్ నుంచి అమల్లో ఉన్నాయి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇంకా స్పష్టంగా ఒక గైడ్ ఇచ్చింది. డబ్బే కాదు, ఫ్రీగా వచ్చిన వస్తువులు, డిస్కౌంట్లు, ట్రిప్పులు, హోటల్ బస కూడా చెప్పాల్సిన సంబంధం కిందకే వస్తాయి. వీడియోలో అయితే మాటల్లోనూ చెప్పాలి, స్క్రీన్ మీదా చూపించాలి. ప్రమోషన్ ఏ భాషలో ఉంటే ఆ సంగతీ అదే భాషలో చెప్పాలి. ఇది మన తెలుగు చానల్స్‌కి వర్తించే మాట. పదిహేను నిమిషాలు తెలుగులో మాట్లాడి, డిస్క్రిప్షన్‌లో అడుగున ఇంగ్లిష్‌లో ఒక పదం పెడితే సరిపోదు. తప్పుదోవ పట్టించే యాడ్‌కి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు ఇంకా చక్కగా తేల్చారు. వ్యాపారంలో భాగంగా వచ్చే బహుమతులు, ప్రయోజనాల విలువ ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ పట్టాలని 2022 జూలై 1 నుంచి నిబంధన వచ్చింది. దాని మీద ఇచ్చిన వివరణలో ఇన్‌ఫ్లుయెన్సర్ల సంగతి ప్రత్యేకంగా ఉంది: కంపెనీ ఇచ్చిన ఫోన్‌ని పని అయ్యాక తిరిగిచ్చేస్తే అది లాభం కాదు, ఉంచేసుకుంటే లాభమే. ఎంత సూటిగా ఉందో చూడండి. తిరిగిచ్చారా లేదా? ఈ ఒక్క ప్రశ్న రివ్యూల్లో ఎందుకు ఉండదు? ట్యాక్స్ ఆఫీసుకి చెప్పే విషయం చదివేవాళ్ళకి చెప్పడానికి ఇబ్బందేంటి?

అయితే ఈ రూల్స్ అన్నీ చేతికి అందిన వస్తువు చుట్టూ తిరుగుతాయి. 14 రోజులు వాడి తిరిగిచ్చిన ఫోన్‌కి ట్యాక్స్ లెక్కలో విలువ సున్నా. కానీ అందరికన్నా ముందు వీడియో పెట్టినందుకు వచ్చిన లక్ష వ్యూస్ సున్నా కాదు. అది పోతుందేమో అనే భయం అసలే సున్నా కాదు. దీన్ని పట్టుకునే చట్టం లేదు, వస్తుందని నేను అనుకోను కూడా.

ఆ భయం మన తెలుగు సైట్లకి, చానల్స్‌కి ఇంకొంచెం ఎక్కువ. ఇంగ్లిష్, హిందీలో పెద్ద పేర్లకి యూనిట్లు వెళ్ళాకే ప్రాంతీయ భాషల వంతు వస్తుంది. చాలామందికి యూనిట్ బదులు తెలుగులోకి మార్చిన ప్రెస్ నోట్ వస్తుంది. "మీ అరచేతిలో శక్తివంతమైన అనుభవాన్ని ఆవిష్కరించండి" తరహాలో ఉంటాయి ఆ వాక్యాలు, ఆ తెలుగు ఏ ఊర్లో మాట్లాడతారో నాకైతే తెలీదు. ఎంతో కాలం ఎదురుచూస్తే వచ్చిన మొదటి యూనిట్ మీద "ఈ ఫోన్ కొనకండి" అని రాయడానికి గుండె ధైర్యం కావాలి. అలా రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని మనం గుర్తుపెట్టుకోవాలి.

రివ్యూలన్నీ కొన్న ఫోన్లతోనే చేయాలి అనడం వినడానికి బాగుంటుంది. నెలకి మూడు ఫోన్లు కొని, రెండు వారాల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఒక్కోదాని మీద వేలల్లో పోతుంది. చిన్న సైట్‌కి అది కుదరదు. అందుకని నేను అడిగేది అంత పెద్దదేం కాదు. ఫోన్ ఎలా వచ్చిందో రివ్యూ మొదటి లైన్లలో ఉండాలి. లాంచ్ రోజు రాసేదానికి స్కోర్ ఇవ్వకూడదు, దాన్ని "మొదటి చూపు" అనే పిలవాలి. స్కోర్ నెల వాడాకే. లోన్ యూనిట్ నెల ఉంచుకోనివ్వకపోతే, అదే ఫోన్ కొనుక్కున్న ఫ్రెండ్ దగ్గరో, చదివేవాళ్ళ దగ్గరో ఒక శనివారం తీసుకుని మళ్ళీ టెస్ట్ చేయొచ్చు. షాపులో కొన్న ఫోన్ మీద టెస్ట్ చేసినట్టు కూడా అవుతుంది. లాంచ్ రోజు సెర్చ్ ట్రాఫిక్‌లో కొంత పోతుంది, నిజమే. స్కోర్ లేని ఆర్టికల్‌ని తక్కువమంది క్లిక్ చేస్తారు. ఆ మాత్రం పోగొట్టుకోవచ్చు అనే నేను అనుకుంటున్నాను.

ఈ సైట్‌లో నేను రాసే ఫోన్ రివ్యూల పైన ఇకనుంచి ఒక చిన్న బాక్స్ ఉంటుంది. ఇలా: ఫోన్ పీఆర్ ఏజెన్సీ నుంచి లోన్ మీద వచ్చింది, 14 రోజులకి తిరిగిస్తాం. ఈ ఆర్టికల్ రాసేటప్పటికి వాడింది 6 రోజులు. సాఫ్ట్‌వేర్ లాంచ్‌కి ముందు బిల్డ్. లాంచ్ ఈవెంట్‌కి ప్రయాణం, హోటల్ ఖర్చు బ్రాండ్ పెట్టుకుందా లేదా. గిఫ్ట్ ఏదైనా వచ్చిందా.

వచ్చే నెల రాబోయే ఒక ఫోన్ గురించి ఏజెన్సీ అమ్మాయితో మాట్లాడినప్పుడు ఈ బాక్స్ సంగతి ముందే చెప్పాను. కాసేపు ఆగి, "సర్, అది ఆర్టికల్ కింద పెట్టొచ్చా?" అని అడిగింది. పైనే ఉంటుందండీ అన్నాను. క్లయింట్‌ని అడిగి చెప్తానంది. రెండు రోజులకి లోన్ ఫారం వచ్చింది, రివ్యూయర్స్ గైడ్‌తో సహా.